ఏనుగులేం తిన్నాయో చెప్పే మామ

మా మామ పోయాడన్న కబురు నాకు చిన్నమామ ఫోన్ చేసి చెప్పాడు.

"పాపా, అన్న పోయినాడు" అన్నాడు.

తిరువళ్ళూరు దగ్గర ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో నా ఉద్యోగం. ఫోన్ వచ్చినప్పుడు అట్టపెట్టెల మధ్య నిలబడి ఉన్నాను. "ఏ అన్న?" అని అడిగాను. చిన్నమామకు ఉన్నది ఒక్క అన్నే, మా అమ్మకు పెద్ద తమ్ముడు. అది తెలిసీ అడిగాను. అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. "అన్న" అన్న మాట చిన్నమామ నోట విని ఎంత కాలమైందో!

మామ పొద్దున్నే మామిడి తోటలోకి పోయాడట. కాఫీ వేళకు రాలేదు. అత్త వెతుక్కుంటూ పోతే గట్టు మీద ఒరిగి ఉన్నాడు. ఆవిడ కేక విని పక్క చేనులోంచి పరిగెత్తింది చిన్నమామే. ఇంటిదాకా చేతుల మీద మోసుకొచ్చింది కూడా ఆయనే. గుండె ఆగిందన్నారు.

తిరుత్తణికి పోయే రైలులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. నాకు కూర్చోబుద్ధి కాలేదు. తలుపు దగ్గర కాసేపు, కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డాను. అక్కడ దిగి ఆర్.కె.పేట బస్సెక్కాక కూడా అంతే. కండక్టర్ రెండుసార్లు కూర్చోమన్నాడు. ఇది రాస్తున్నప్పుడు కూడా లేచి వంటింట్లోకి పోయి వస్తున్నాను. ఎందుకు పోతున్నానో తెలీదు. మా మామ దగ్గర్నించి నాకు అంటుకున్న గుణం ఇదొక్కటే అనుకుంటాను.

ఆయన అంత కుదురు లేని మనిషి. అన్నం పళ్ళెం చేత్తో పట్టుకుని ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి దొడ్లోకి తిరుగుతూ తినేవాడు. అత్త వెనకాలే చారు గిన్నె పట్టుకుని తిరిగేది. "రొంతసేపు కూసోని తినకూడదా? నాకు కాళ్ళు నొస్తా ఉండాయి" అనేది. "నువ్వెందుకు తిరగతావు, నువ్వు కూసో" అనేవాడు. పిల్లల్లేరు వాళ్ళకు. ఆ ఇంట్లో తిరిగే సందడి అంతా ఆయనదే.

ఆత్తిపట్టు థర్మల్ స్టేషన్‌లో కరెంటు పని చేశాడు. రిటైర్ అయ్యాక ఆర్.కె.పేట అవతల, ఆంధ్రా కొండల అంచున ఉన్న మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి వచ్చేశాడు. అన్నదమ్ములిద్దరి చేన్లూ పక్కపక్కనే, మధ్యలో ఒక గట్టు. ఇద్దరూ చెరుకు వేసేవాళ్ళు. మామకు అదనంగా నాలుగు మామిడి చెట్లు, ఒక అరటి మడి. ఊళ్ళో ఎవరింట్లో ఫ్యూజు పోయినా, ఎవరి మోటారు ఆగినా మామనే పిలిచేవాళ్ళు. పిలవకపోయినా పోయేవాడు. ఇంట్లో ఉండలేక.

అట్లాంటి మనిషికి ఏనుగులు దొరికాయి.

మా వైపు ఏనుగు అంటే ఎప్పుడో గుడి దగ్గర నామం పెట్టుకుని చెయ్యి చాపే ఏనుగే. అడివి ఏనుగును చూసినవాళ్ళు మా ఊళ్ళో లేరు. చిత్తూరు వైపు అడవుల్లోంచి రెండు మగ ఏనుగులు కొండ దిగి వచ్చాయన్నప్పుడు సగం మంది నమ్మలేదు. పొద్దున లేచి చూస్తే మామ అరటి మడి నేలమట్టమై ఉంది. అప్పుడు నమ్మారు.

ఆ రోజు మధ్యాహ్నం నేను క్యాంటీన్‌లో ఉండగా మామ ఫోన్ చేశాడు. తోట పోయింది కదా, ఏడుస్తాడేమో అనుకున్నాను.

"పాపా, ఒక వింత చెప్తా విను. గెలలు ముట్టనే లేదు."

"ఏ గెలలు మామా?"

"అరటి గెలలు మ్మే! పండేదానికి రెడీగా ఉండాయి. అవి ఆడ్నే పారేసి, బోదెలు చీల్చి లోపల దూట తినేసినాయి. మనం పండు తిని బోదె పారేస్తాం. అది బోదె తిని పండు పారేసింది. ఎవురికి తెలివి లేనట్టు?"

అప్పట్నించి దాదాపు ప్రతి మధ్యాహ్నం ఫోన్. రాత్రి అవి వచ్చి పోయేవి. పొద్దున్నే మామ వాటి అడుగుల వెంట బయల్దేరేవాడు. ఏం తిన్నాయి, ఏం విరిచి పారేశాయి, ఎక్కడ ఆగాయి, అన్నీ చూసుకుని వచ్చి నాకు చెప్పేవాడు. ఈత చెట్టు పడగొట్టి నడినెత్తిన ఉండే లేత మొవ్వ తిన్నాయని ఒకరోజు. తుమ్మ చెట్టుకు బెరడు నిలువునా చీల్చుకుపోయాయని ఇంకొకరోజు. బెరడులో ఏముందని తింటాయో అర్థం కాక ఆయన ఒక ముక్క నమిలి చూశాడు. నాలుక మొద్దుబారి ఆ పూటంతా మాట సరిగ్గా రాలేదు. అయినా ఫోన్ చేసి, నత్తినత్తిగా ఆ సంగతే చెప్పాడు. పక్కన కూర్చుని తినేవాళ్ళు నన్ను వింతగా చూసేవాళ్ళు. ఏనుగుల మెనూ మొత్తం విని, నా డబ్బాలో అన్నం చల్లారిపోయాక, "సరే, నువ్వు తిను" అని పెట్టేసేవాడు.

చాలాసార్లు ఆయన చెప్పింది తప్పు కూడా. వేప చేదు కాబట్టి ఏనుగు ఆ చెట్టు దాపుకు రాదన్నాడు. మర్నాడే వచ్చి, రెండు కొమ్మలు విరిచి, ఆ చెట్టుకే ఒళ్ళు రుద్దుకుని పోయాయి. మిరపకాయల పొగ పెడితే పారిపోతాయని ఎక్కడో విన్నాడు. సాయంత్రం వరిగడ్డిలో ఎండుమిర్చి కలిపి, పేడ ముద్దలు చేసి చేనంతా అంటించాడు. గాలి తిరిగింది. ఊరు ఊరంతా దగ్గులే. గొడ్లు తాళ్ళు తెంపుకున్నాయి. అత్త తలుపులు వేసుకుని లోపల్నించి, "ఏనుగులు తొక్కినా ఇంత బాధుండదు" అని అరిచింది. తెల్లారి చూస్తే పొగ పెట్టిన గట్టు పక్కనే చెరుకు తినిపోయాయి.

ఆ రోజుల్లో ఒక ఆదివారం నేను ఊరికి పోయాను. సాయంత్రం ఎండ తగ్గుతుండగా, ఎండిన చెరువు అవతల ఒక ఏనుగు మేస్తోందని ఫారెస్టు వాళ్ళు చెప్పారు. మామ నన్ను బండ మీదికి తీసుకుపోయాడు. మాతో ఫారెస్టు రేంజరు కూడా ఉన్నాడు, తమిళాయన, చాలా ఓపికస్తుడు. మామ రోజూ వేసే ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పిన మనిషి ఆయనొక్కడే.

దూరం నుంచే చూశాం. ఏనుగు తొండంతో గడ్డి దుబ్బు చుట్టి, కాలి గోళ్ళతో మొదట్లో తన్ని పెరికింది. వెంటనే నోట్లో పెట్టుకోలేదు. దుబ్బును ముంగాలికేసి రెండుమూడు సార్లు కొట్టింది. వేళ్ళకున్న మట్టి పొడిపొడిగా రాలింది. అప్పుడు తిన్నది. మళ్ళీ ఇంకో దుబ్బు.

"చూసినావా, చూసినావా? మట్టి దులపరిస్తా ఉండాది. మీయత్త ఆకుకూర దులిపినట్లే లేదూ?" మామ నా చెవి దగ్గర గుసగుసలాడుతూనే ఉన్నాడు. ఏనుగు మెదిలినప్పుడల్లా ఆయనా మెదిలాడు.

"ఎందుకు సార్, ఒక్కచోట నిలబడి తినదు?" అని రేంజరును అడిగాడు. అది నిజమే, నాలుగు దుబ్బులు పెరకడం, నాలుగడుగులు వేయడం. చుట్టూ అంత గడ్డి ఉంది. ఏదీ పూర్తిగా మేయకుండానే ముందుకు పోతోంది.

తిన్నదాంట్లో చాలా భాగం ఏనుగుకు అరగదని, అందుకే పొద్దూ మాపూ తింటూనే ఉండాలని, ఒక్కచోటే తింటే ఆ చోటు బోడి అయిపోతుందని, కాబట్టి నడుస్తూ తినాలని రేంజరు చెప్పాడు. అడివిలో పగలంతా తిరిగితే దొరికే మేత చెరుకు చేనులో ఒక్కచోటే దొరుకుతుంది, పైగా తియ్యగా. రుచి మరిగాక ఎందుకు మానుతుంది?

"ఇంగే తంగ వరలే సార్. సాప్పిడ వందిరుక్కు" అన్నాడు. ఇక్కడ ఉండిపోవడానికి రాలేదు, తినడానికి వచ్చింది.

మామ ఆ మాట నాలుగురోజులు అందరికీ చెప్పాడు. టీ కొట్టు దగ్గర ఎవరో, "ఆంధ్రా ఏనుగులకు మన చేన్లే దొరికినాయా" అంటే, "దానికి ఆంధ్రా యాడ, తమిళనాడు యాడ? గడ్డి యాడుంటే అదే దాని ఊరు" అన్నాడు. కొందరు నవ్వారు. చెరుకు పోగొట్టుకున్నవాళ్ళు నవ్వలేదు.

చిన్నమామ అసలు నవ్వలేదు. ఆయనకు చెరుకే జీవనం. ఒక మూల ఏనుగులు తిన్నది చాలక తొక్కి పోయాయి కూడా. ఏనుగు తినే చెరుకు కన్నా విరిచేది ఎక్కువ. గడ పెరికి, నడిమికి విరిచి, నచ్చిన ముక్క నమిలి మిగతాది కాళ్ళ కింద పడేస్తుంది. టపాకాయలు కాల్చినా, డప్పులు కొట్టినా అవతలి మూల నుంచి దిగేవి. ఒక సాయంత్రం చిన్నమామ అన్న ఇంటికి వచ్చాడు. నేనప్పుడు అక్కడే ఉన్నాను.

"అన్నా, చేను చుట్టూ తీగ కట్టినా. మోటారు షెడ్డు నుంచి కరెంటు నువ్వే ఇయ్యాల. నాకు చేతనైతే నిన్ను అడగను."

మామ అప్పటిదాకా వాకిట్లో తిరుగుతున్నవాడు ఆగాడు.

"నేనియ్యను రా."

"ఎందుకియ్యవు? వాళ్ళ మోటారు చూస్తావు, వీళ్ళ ఫ్యాను చూస్తావు. తమ్మునికి చెయ్యలేవా?"

"అది మోటారు కాదు, ఫ్యాను కాదు. కరెంటుకు ఏనుగూ తెలీదు, మనిషీ తెలీదు. నేను జన్మంతా ఆ పనే చేసినా. నాకు తెలుసు."

"నీకు పెన్షన్ వస్తాది అన్నా. చెరుకు పోతే నీకు తమాషా. పొద్దన్నే పోయి ఎంత తిన్నాయో చూసొచ్చి ఫోన్లో కతలు చెప్పుకుంటావు. నా సంగతేంది?"

ఆ మాటలో నిజం ఉంది, నాకు కూడా తగిలింది. ఆ కతలు విన్నది నేనే కదా. అత్త కాఫీ తెచ్చేలోపు చిన్నమామ వెళ్ళిపోయాడు.

తర్వాత జరిగింది అత్త చెప్పగా విన్నాను. చిన్నమామ వేరే ఎవర్నో పిలిపించి షెడ్డు నుంచి తీగకు కరెంటు కలిపించాడు. అది మామకు తెలిసింది. ఇంకా వెలుతురుండగానే, నలుగురూ చూస్తుండగానే పోయి, మెయిన్ ఆపి, షెడ్డు నుంచి చేనుకు పోయే తీగను విప్పేశాడు. దాన్ని చుట్టగా చుట్టి తెచ్చి తమ్ముడి వాకిట్లో అరుగు మీద పెట్టాడు. "నీ తీగ ఇదిగో. నా మీద కోపం తీర్చుకో, ఇది మాత్రం మళ్ళీ కట్టొద్దు" అన్నాడట. చేను చుట్టూ కట్టిన తీగ అట్లాగే ఉండిపోయింది, ఉత్త తీగగా.

ఆ రాత్రే ఏనుగులు చిన్నమామ చేనులోకి దిగాయి. పొద్దునకు సగం చెరుకు లేదు.

చిన్నమామ నడివీధిలో నిలబడి అన్నను తిట్టాడు. మా ఊళ్ళో అట్లాంటి తిట్లు అన్నదమ్ముల మధ్య ఎవరూ వినలేదని అత్త ఏడ్చింది. మామ చెరుకు కోతలు వచ్చినప్పుడు తన చేను కోయించి, లోడు మొత్తం తమ్ముడి పేరు మీదే మిల్లుకు పంపమన్నాడు. చిన్నమామ వద్దనలేదు. ట్రాక్టర్ తోలుకుని పోయాడు. అన్నతో మాత్రం మాట్లాడలేదు.

మామ ఫోన్లు తగ్గలేదు. కానీ స్వరం మారింది. "ఈ పొద్దు చింతకాయలు తిన్నాయి" అని, కాసేపాగి, "వాడు తిన్నాడో లేదో" అనేవాడు. నేను ఏనుగు సంగతనుకుని ఏదో అనేదాన్ని. తమ్ముడి సంగతని తర్వాత అర్థమయ్యేది.

ఎండాకాలం మొదట్లో ఏనుగులు కొండెక్కి పోయాయి. కొన్నాళ్ళకు అవతలి వైపు ఒక ఊళ్ళో, చెరుకు చేను గట్టున, ఒక ఏనుగు కరెంటు తగిలి చచ్చిపోయిందని తెలిసింది. మామ స్కూటరేసుకుని పోయాడు. అత్త వద్దన్నా వినలేదు.

ఆ రోజు నాకు మధ్యాహ్నం ఫోన్ రాలేదు. సాయంత్రం నేనే చేశాను.

"చూసొచ్చినా పాపా" అన్నాడు. ఊపిరి వినపడింది, అడుగుల చప్పుడు కూడా. నడుస్తున్నాడు. "నోట్లో చెరుకు గడ అట్లే ఉండాది. రొంత కూడా నమల్లేదు. పచ్చగా ఉండాది. రసం కారతా ఉండాది. జనం సెల్ఫీలు తీసుకుంటా ఉండారు, పసుపు కుంకుమ పెడతా ఉండారు. ఎవురైనా ఆ గడ తీసేస్తే బాగుండు అనుకున్నా. నాకు చెయ్యి రాలేదు."

అత్త చెప్పింది, ఆ పూట ఆయన పళ్ళెం ముందు కూర్చున్నాడట. కూర్చుని, తినకుండా లేచాడట.

రెండో ఏనుగు చాలా రోజులు ఆ చుట్టుపక్కలే తిరిగింది. మేత సరిగ్గా మేయడం లేదని రేంజరు చెబితే మామకు నిద్ర పట్టేది కాదు. "ఇప్పుడు ఏం తింటా ఉండాదంట?" అని ఆయనకు ఫోన్ చేసేవాడు. కొన్నాళ్ళకు అది వెదుళ్ళలోకి పోయి మామూలుగా మేస్తోందన్నారు. ఆ కబురు నాకు చెప్పడానికి ఫ్యాక్టరీ ల్యాండ్‌లైనుకు చేశాడు, నా సెల్లు కలవలేదని. మా మేనేజరు ఏదో చావు కబురనుకుని పరిగెత్తుకొచ్చాడు. "వెదురు తింటా ఉండాది పాపా!" అని మామ అరిచింది ఆయనకు కూడా వినపడింది.

ఇదంతా మా మామ గొప్పవాడని చెప్పడానికి రాయడం లేదు. ఆయన వల్ల చిన్నమామ సగం చేను పోయింది, అది నిజం. ఇంకో ఉపాయం ఆయనకూ తెలియలేదు. ఏది చేయకూడదో మాత్రం తెలుసు. ఆ ఒక్కదాని దగ్గర నిలబడ్డాడు. ఎక్కడా నిలబడలేని మనిషి.

కర్మ రోజు పొద్దున చిన్నమామ నన్ను, "రొంత చేను దాకా రా పాపా" అన్నాడు. ఇంటినిండా చుట్టాలు. నాకూ ఇంట్లో ఊపిరాడటం లేదు, పోయాను. ఆయన గట్టు మీద నడుస్తూ, నా వైపు చూడకుండా మొదలుపెట్టాడు.

"ఆ పొద్దు, చెరుకు పోయిన పొద్దు, నేను లేచేసరికి మీ చిన్నత్త ఇంట్లో లేదు. ఆవుకు గడ్డి కోసుకొచ్చేదానికి చీకట్లోనే చేనుకొచ్చింది. తీగకు కరెంటు పెట్టిచ్చినట్టు దానికి తెలీదు. చెప్తే ఒప్పుకోదని నేను చెప్పలేదు. అన్న తీగ తెచ్చి పెట్టినప్పుడు కూడా అది ఇంట్లో లేదు. ఏనుగులుంటాయేమోనని పరిగెత్తుకుంటా వచ్చినా. ఇదో, ఈడ్నే. తీగ మీద చెయ్యేసి నిలబడుకోనుండాది. 'చూడయ్యా, చెరుకంతా ఎట్ల పోయిందో' అని నాకు చూపిస్తా ఉండాది. చెయ్యి తీగ మీదే ఉండాది."

ఆయన తన చెయ్యి గాలిలో అట్లా పెట్టి చూపించాడు.

"అన్న ఆ కరెంటు తియ్యకుండా ఉంటే ఆ పొద్దుతో అది లేదు. ఈదిలోకి పోయి అన్నను తిట్టినా. ఎందుకు తిట్టినానో ఈ పొద్దుటికీ తెలీదు. చెరుకు పోయినందుకు కాదు. ఆ మాట అన్నకు చెప్పల్ల, రేపు చెప్పల్ల, రేపు చెప్పల్ల అనుకుంటానే ఉన్నా. మొన్న మోసుకొచ్చేటప్పుడు చెవిలో చెప్పినా. ఏం లాభం? అప్పటికే లేడు."

"చిన్నత్తకు చెప్పినావా?" అని అడిగాను.

"నిన్న చెప్పినా. కొట్టింది" అన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

నాకు ఓదార్చడం చేతకాలేదు. ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఇద్దరం చేను దాటి కొండ మొదలుదాకా నడిచాం, ఎందుకో తెలీకుండానే. ఎండ ఇంకా పైకి రాలేదు. పైన వాలులో వెదురు పొదల మధ్య ఏదో ఫట్‌మని విరిగింది. ఇద్దరం ఆగాం. ఏమీ కనపడలేదు. ఒక్క వెదురు కొన మాత్రం వంగి, వంగి, ఆకుల్లోకి దిగిపోయింది. చిన్నమామ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మళ్ళీ ఫట్. ఈసారి కాస్త ఎడంగా. ఇంకో కొన ఊగి మాయమైంది. తర్వాతది ఇంకా పైన.